తీసి పెట్టుకునే పన్ను

కొరికింది దారాన్ని, ఊడింది పన్ను!

బడిపిల్లల చొక్కాకి కాలరు దగ్గర చివరి కుట్టు వేసి, ముడి బిగించి, ఎప్పటిలాగే దారాన్ని పుటుక్కున కొరికింది టైలరమ్మ. దారం తెగింది. దాంతోపాటు తెల్లగా ఏదో చొక్కా మీద రాలింది. బొత్తాం ఊడిందనుకుని, ఈమధ్య బొత్తాలన్నీ నాసిరకమేనని విసుక్కుంటూ వేలితో తీసి చూస్తే... పన్ను! పైవరుసలో, నవ్వితే అన్నిటికంటే ముందు కనబడే పన్ను. నాలుకతో తడుముకుంటే అక్కడ మెత్తటి ఖాళీ తగిలింది. కొన్నాళ్ళుగా కదులుతూనే ఉంది. కత్తెర పక్కనే ఉంటుంది, దానికీ ఆమెకీ తగువేం లేదు. కానీ ఒళ్ళో బట్ట, చేతిలో సూది ఉండగా కత్తెర వెతుక్కునే ఓపిక కుట్టుపని చేసేవాళ్ళలో ఎవరికుంటుంది? "అమ్మా, నీ నోరు కత్తెర కాదే" అని కూతురు ఎన్నిసార్లు మొత్తుకుందో. విన్నదెవరు? గోడకున్న అద్దంలోకి తొంగి చూసుకుంది. అందులోంచి ఎవరో ముసలావిడ నల్లటి సందు చూపిస్తూ ఆమెని చూసింది. గబుక్కున చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

గదిలో అవతలి పక్కన పేపరు చదువుకుంటున్న భర్త అప్పుడే తలెత్తాడు. ఏమైందన్నట్టు కనుబొమలెగరేశాడు. ఆమె చెయ్యి తియ్యకుండానే తల అడ్డంగా ఊపింది. ఏం లేదు, అని. ఆయన కాసేపు చూసి, మళ్ళీ పేపర్లోకి తల దించుకున్నాడు.

వేరే ఏ ఇంట్లోనైనా ఇది పెద్ద విషయం కాకపోను. ఆ ఇంట్లో మాత్రం ఆ చెయ్యి అడ్డం పడటంతో సంసారమే ఆగిపోయింది. ఎందుకంటే ఆమె భర్త మేస్త్రీగారికి చెవులు వినబడవు. జీవితమంతా మరమగ్గాల షెడ్డులో పనిచేసిన మనిషి. ఆ మోతలో గొంతు చించుకున్నా పక్కవాడికి వినబడదు కాబట్టి, అక్కడి పనివాళ్ళు అసలు గొంతే వాడరు. ఉత్త పెదవులతో మాట్లాడుకుంటారు. ఎదుటివాడి నోరు చూసి దారం తెగిందనీ, భోజనం వేళైందనీ, సూపర్‌వైజరు వస్తున్నాడనీ తెలుసుకుంటారు. ఆ మోతే కొద్దికొద్దిగా ఆయన చెవుల్ని తినేసింది. షెడ్డు మూతపడి ఇంటికొచ్చేనాటికి ఉరుము ఉరిమితే ఆయనకి మెరుపు ఒక్కటే తెలిసేది. చెవిమిషను పెట్టించారు. అది మాటని వదిలేసి మోతని పెంచుతోందని, తీసి డబ్బాలో దాచేశాడు. బయటివాళ్ళు గబగబా మాట్లాడతారు, మొహం తిప్పుకుని మాట్లాడతారు, మీసాల చాటునుంచి మాట్లాడతారు. అందుకని ఆయన బయటివాళ్ళతో మాటలే మానుకున్నాడు. లోకంలో ఆయన చదవగలిగిన నోరు ఒక్కటే మిగిలింది, భార్యది.

అందుకు ఆ ఇంట్లో కొన్ని పద్ధతులుండేవి. కిటికీ దగ్గర కుర్చీ ఆమెది, వెలుగు మొహం మీద పడేలా. ఎదురు కుర్చీ ఆయనది. మాట్లాడాలంటే కాలితో నేలమీద తట్టాలి. ఆ అదురుకి ఆయన తలెత్తి చూశాక మొదలుపెట్టాలి. ఆమె పెదవుల మధ్య గుండుసూదులుంటే మాటలు బందు. చీకటి పడ్డాక మాటలు బందు. ఆయనకి మాత్రం గొంతుంది, బోలెడంత. ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియదు కాబట్టి, పెళ్ళాంతో ఒక సరసమైన మాటన్నా వీధి చివర ఇస్త్రీ కొట్టు దాకా వినబడేది. మర్నాడు ఆ కొట్టువాడు ఆమెని చూసి ముసిముసిగా నవ్వేవాడు. అది తెలిశాక పాపం ఆయన సరసం కూడా మానేశాడు.

ఆయనకో ఊతపదం ఉంది. "చూద్దాంలే." కూతుర్ని ఏ కాలేజీలో చేర్పిద్దామంటే చూద్దాంలే. వంటింటి కిటికీ రెక్క ఊడి వేలాడుతోందంటే చూద్దాంలే. చుట్టాలందరూ ఆయన వెనక "చూద్దాంలే మేస్త్రీ" అని నవ్వుకునేవారు, ఎలాగూ వినబడదుగా అనే ధీమాతో. ఆమెకి మాత్రం ఆ మాట వింటే నవ్వు రాదు. అది గుండెలో ఒకచోట ముల్లులా దిగబడి ఉంది.

అది ఆమె తల్లి బతికుండగా జరిగిన సంగతి. తల్లి, అన్నయ్య దగ్గర ఉండేది. అన్నయ్య చెడ్డవాడు కాదు, కానీ ఆ ఇంట్లో తల్లికి మిగిలింది ఒక మూల, ఒక దుప్పటి. చూడబోయినప్పుడల్లా ఆ ముసలావిడ కూతురి చెయ్యి పట్టుకుని వదిలేది కాదు. నోరు తెరిచి అడగనూ లేదు. ఈ పద్ధతులింకా పుట్టని, ఆయనకి కాస్తోకూస్తో వినబడే రోజుల్లో ఒక మధ్యాహ్నం, మేస్త్రీగారు షెడ్డుకి బయల్దేరుతుండగా, మొహం ఎత్తి అడిగే ధైర్యం లేక, మిషను తొక్కుతూనే, పెదవుల మధ్యనుంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీస్తూ అడిగింది. "అమ్మని మన దగ్గరికి తెచ్చుకుందామండీ. ఆ కిటికీ పక్కన మంచం వేస్తే సరిపోతుంది." గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న ఆయన ఒక్క క్షణం ఆగి "చూద్దాంలే" అని వెళ్ళిపోయాడు. అంతే! ఆమె మళ్ళీ అడగలేదు. అడుక్కోవాలా ఏమిటి, కట్టుకున్న మొగుణ్ణి? చూశాడా? చూడలేదు. తల్లి ఆ మూలనే, ఆ దుప్పటిలోనే కన్నుమూసింది. ఆ రోజు అందరికంటే ఎక్కువగా ఆయనే ఏడ్చాడు. ఇప్పుడేడ్చి ఏం లాభం అని లోపల్లోపలే అనుకుని, ఆ మాట కూడా గుండుసూదుల్లాగే పెదవుల మధ్య బిగబట్టుకుంది. అప్పటినుంచీ బిగబట్టుకునే ఉంది.

పన్ను ఊడిన మర్నాడు కూడా ఆమె చెయ్యి తియ్యలేదు. ఆ మర్నాడూ తియ్యలేదు. బట్టలిచ్చేవాళ్ళు వస్తే చేతిరుమాలు మూతికి పెట్టుకుని, జలుబు చేసిందని కొలతలు తీసుకుంది. భర్తతో ఏం చెప్పాలన్నా వేలితో చూపించడమే. భోజనం అంటే కంచం చూపించడం. బజారంటే సంచి చూపించడం. మొదట్లో ఆయన ఆమె మొహంలోకి చూస్తూ ఎదురుకుర్చీలో కూర్చునేవాడు. తర్వాత చూడటం తగ్గించాడు. ఆ తర్వాత ఆమె గదిలోకి వస్తే పేపరు ఎత్తి పట్టుకునేవాడు. ఒకరోజైతే కుర్చీని తీసుకెళ్ళి వరండాలో వేసుకున్నాడు. కిటికీలోంచి ఆయన వీపు చూస్తుంటే ఆమెకి దుఃఖం తన్నుకొచ్చింది. ఔను మరి... ఇన్నాళ్ళూ చూసిన మొహమే కదా, ఇప్పుడు చూడబుద్ధి కావడం లేదు. ఆయనకి నోరు చూడటం తప్ప వేరే దారి లేదు కాబట్టి చూశాడు, ఇష్టముండి కాదు. ఆ నోరు కూడా ఇప్పుడిలా పాడుబడ్డ గుమ్మంలా తయారైంది. మాట్లాడేవాళ్ళు లేని ఇంట్లో ఒంటరిగా ఉండటం ఒక ఎత్తు. మనిషి కళ్ళెదుట కూర్చుని ఉండగా ఒంటరిగా ఉండటం ఇంకో ఎత్తు. మిషను చప్పుడు ఆగినప్పుడల్లా ఆ ఇంట్లో గోడగడియారం తప్ప ఏదీ పలికేది కాదు. అది కూడా ఆమె ఒక్కదానికే వినబడేది.

ఆదివారం కూతురు వచ్చింది. ఊరికి అవతలి చివర కాపురం. ఫోన్ల ఆఫీసులో ఫిర్యాదులు వినే ఉద్యోగం, అందుకని ఎవరి గొంతులో ఏ తేడా ఉన్నా ఇట్టే పట్టేస్తుంది.

"మాట అలా ఈల వేస్తోందేంటమ్మా? ఆ చెయ్యి తియ్యి."

"ఏం లేదే."

"ఏం లేకపోతే తియ్యొచ్చుగా."

తీసింది. కూతురు చూసి, నవ్వాలో ఏడవాలో తెలియక తల్లిని దగ్గరికి లాక్కుంది. "ఎన్నాళ్ళైంది? నాన్నకి తెలుసా?"

"తెలిసే ఉంటుంది. చూడటం కూడా మానేశారు నన్ను" అంది ఆమె.

"నీ పిచ్చి కాకపోతే, నాన్న అలాంటివాడా?" అంటూ కూతురు వరండాలోకి వెళ్ళి తండ్రి భుజం తట్టి, తన పన్ను చూపించి, తల్లివైపు చూపించి, ఊడిపోయిందన్నట్టు చేతులు తిప్పింది. ఆయన లేచి గుమ్మం దగ్గరికొచ్చి భార్యవంక చూశాడు. ఆమె అప్పటికే మొహం గోడవైపు తిప్పేసుకుంది. ఆయన లోపలికెళ్ళి బయటికెళ్ళే చొక్కా తొడుక్కుని వచ్చాడు, ఆస్పత్రికి తనూ వస్తానన్నట్టు.

ఆదివారం ఆస్పత్రి ఉండదు కాబట్టి మర్నాడు సాయంత్రం ముగ్గురూ వెళ్ళారు. పళ్ళ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నెమ్మదస్తురాలు. బల్ల మీద ఉత్తుత్తి దవడ బొమ్మ ఒకటి పెట్టి, మూతికి మాస్కుతోనే మూడు దారులూ వివరంగా చెప్పింది. ఒకటి, ఎముకలోకి చిన్న మర బిగించి, అది కుదురుకున్నాక దానిమీద పన్ను కట్టడం. రెండోది బ్రిడ్జి. అటూ ఇటూ ఉన్న పళ్ళని అరగదీసి, వాటికి తొడుగులు వేసి, నడుమ కొత్త పన్ను నిలబెట్టడం. మూడోది తీసి పెట్టుకునే పన్ను. అంగిటికి అంటుకునే గులాబీరంగు పలక, దాని అంచున ఒక పన్ను.

టైలరమ్మ బుర్రలో అవన్నీ కుట్టుపని భాషలోకి మారిపోయాయి. మొదటిది బొత్తాం కింద దారాన్ని కాడలా చుట్టి కుట్టెయ్యడం, ఇక ఊడదు. రెండోది చిరుగు పక్కనున్న మంచి గుడ్డని కత్తిరించి అతుకు వెయ్యడం. దానికి ఆమె మనసొప్పలేదు. ఏ తప్పూ చెయ్యని ఆ రెండు పళ్ళనీ అరగదియ్యడమెందుకు? మూడోది టిచ్‌బటన్. పెట్టుకోవచ్చు, తియ్యొచ్చు.

"మర బిగించేదే చేయించుకోమ్మా" అంది కూతురు. "తీసి పెట్టుకునేది ముసలివాళ్ళకి. గ్లాసులో పళ్ళు నానబెట్టుకుంటూ కూర్చుంటావా? మర బిగిస్తే సొంత పన్నులాగే ఉంటుంది."

"ఏది చేసినా ముందు చిగురు మానాలి" అంది డాక్టరమ్మ. "అంతదాకా తీసి పెట్టుకునేది చేసిస్తాను. అలవాటు చేసుకోండి, తొందరేం లేదు. మర బిగించినా అది కుదురుకునేసరికి నెలలు పడుతుంది." తర్వాత మూల స్టూలు మీద కూర్చున్న మేస్త్రీగారి వైపు తిరిగి మర్యాదగా అడిగింది. "మీరేమంటారండీ? ఏది నయమంటారు?"

పాపం, ఆ మాస్కులోంచి ఆయనకేం కనబడుతుంది? కూతురి వైపు చూశాడు, ఆమె తల దించి దవడ బొమ్మ తిప్పి చూస్తోంది. భార్య వైపు చూశాడు. భార్య నోటికి చెయ్యి అడ్డం ఉంది. అలవాటుగా, అందరికీ వినబడేంత గట్టిగా "చూద్దాంలే" అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. నా నోరు, నా పన్ను, నా బతుకు... దీనికి కూడా చూద్దాంలేనా? ఇంటికొచ్చేదాకా ఆయన పక్కన నడవలేదు, కూతురికి అటువైపు నడిచింది.

పన్ను తయారై వచ్చిన రోజు ఆమె ఒక్కతే వెళ్ళి తెచ్చుకుంది. డాక్టరమ్మ పెట్టి, తీసి, మళ్ళీ పెట్టించి నేర్పింది. "రాత్రి తీసేసి నీళ్ళలో పెట్టండి. పగలంతా ఖాళీగా వదిలెయ్యకండి, పక్క పళ్ళు ఒరిగిపోతాయి" అని జాగ్రత్త చెప్పింది. నోట్లో ఏదో చెంచా మర్చిపోయినట్టు ఉంది. అయినా ఏం, వీధిలో అద్దాల కొట్టు ముందు ఆగి చూసుకుంటే పాత మొహం తిరిగొచ్చింది! ఇస్త్రీ కొట్టువాడు "జలుబు తగ్గిందా టైలరమ్మా" అని పలకరిస్తే, చాలా రోజుల తర్వాత మొదటిసారి నోరు తెరిచి నవ్వింది. కోపం కూడా సగం దిగిపోయింది. ఆయన మాత్రం ఏం చేస్తాడు, మొగవాళ్ళకి అందం కావాలి, పోనీ అదే అనుకుందాం. ఇప్పుడు చూస్తాడుగా. ఇంటికి చేరేలోపు ఏమేం చెప్పాలో అన్నీ వరసగా పేర్చుకుంది.

ఎండ ఇంకా కిటికీలో ఉంది. ఆయన వరండాలో ఉన్నాడు. కుర్చీ తెచ్చి ఎదురుగా వెయ్యమని సైగ చేస్తే, ఆయన ఆశ్చర్యపడి, గబగబా తెచ్చి వేసుకున్నాడు. ఆమె తన కుర్చీలో కూర్చుని, జుట్టు సవరించుకుని, కాలితో నేల తట్టింది. ఆయన చూస్తూనే ఉన్నాడు, అయినా అదొక మర్యాద. మొహం మీదికి వెలుగు వచ్చేలా తిరిగి, నవ్వి, అడిగింది.

"ఎలా ఉంది?"

ఆయన ఆమె నోటివంకే చూశాడు. కళ్ళు చిట్లించి చూశాడు. కొంచెం ముందుకి వంగి చూశాడు. తర్వాత మెల్లగా తల ఊపి, "చూద్దాంలే" అన్నాడు.

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. ఎలా ఉందంటే బాగుందనాలి, లేదా బాగాలేదనాలి. చూద్దాంలే ఏమిటి? విసురుగా లేవబోయింది. లేవబోతూ ఆయన కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు నవ్వడం లేదు, వెక్కిరించడం లేదు, తప్పించుకోవడమూ లేదు. బడిలో పాఠం రాని పిల్లవాడు మాస్టరి మొహం చూసినట్టు, భయంభయంగా చూస్తున్నాయి. ఆమె మళ్ళీ కూర్చుంది. ఆమెకో అనుమానం వచ్చింది. మొహంలో ఏ మార్పూ రానివ్వకుండా, నెమ్మదిగా, మామూలు సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"ఇల్లు తగలబడుతోంది."

ఆయన తల ఊపాడు. "ఆఁ... చూద్దాంలే."

ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి. నోట్లో వేలు పెట్టి ఆ గులాబీరంగు పలకని తీసి ఒళ్ళో పెట్టుకుంది. అలవాటుగా చెయ్యి పైకి లేచింది. సగం దాకా లేచిన చేతిని బలవంతంగా కిందికి దించి, మోకాలు గట్టిగా పట్టుకుంది. నల్లటి సందుతో, వెలుగులో, ఉన్నదున్నట్టుగా నోరు తెరిచి అదే మాట మళ్ళీ చెప్పింది.

"ఇల్లు తగలబడుతోంది అన్నాను."

మేస్త్రీగారు కుర్చీ తన్నేసి వంటింట్లోకి ఒక్క దూకు దూకాడు!

అక్కడ పొయ్యి చల్లగా ఉంది. ఆయన అయోమయంగా తిరిగొచ్చి, వీధంతా వినబడేలా "ఎక్కడే?" అని అరిచాడు.

"ఎక్కడా లేదు. కూర్చోండి" అంది. నవ్వుతోంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "మీకు అర్థమైందా నేనన్నది?"

"అర్థం కాకపోతే పరిగెత్తుతానా?" అని ఆయన కూర్చుని, ఆయాసం తీర్చుకుంటూ, ఆమె నోటివైపు వేలు చూపించాడు. "ఇలాగైతే తెలుస్తోంది. ఆ సందులోంచి నాలుక కనబడుతోంది. పన్నున్నప్పుడు సగం మాటలు పళ్ళ వెనకే అయిపోయేవి. ఇంకాస్త మాట్లాడు."

ఆమెకి ఇన్నేళ్ళ మాటలన్నీ ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. కుర్చీ అంచుకి జరిగి అడిగింది.

"అయితే చూద్దాంలే అంటే... అర్థం కాలేదనా?"

ఆయన తల దించుకున్నాడు. తల దించుకుంటే ఆమె మాట కనబడదని మళ్ళీ తనే ఎత్తాడు. ఈసారి ఎందుకో గొంతు బాగా తగ్గింది. "మొదట్లో ఏమన్నావని అడిగేవాణ్ణిగా. రెండోసారి అడిగితే నువ్వు ఏం లేదులే అనేదానివి. పనిలో ఉండేదానివి, విసుగు. పోనీలే, పెద్ద మాటైతే మళ్ళీ నువ్వే చెబుతావు కదా అనుకునేవాణ్ణి. అందుకని చూద్దాంలే అంటే కొట్టేసినట్టూ ఉండదు, ఒప్పుకున్నట్టూ ఉండదు."

"మరి ఈ మధ్య నా మొహమే చూడటం మానేశారెందుకు? వరండాలోకి వెళ్ళిపోయారెందుకు?"

"నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఏమనుకోమంటావు? గుండుసూదులుంటే మాటలు బందని నువ్వే అన్నావుగా. ఇక నాతో మాట్లాడే ఓపిక అయిపోయిందనుకున్నాను. ఎన్నాళ్ళని చెబుతావు, ఒక్కొక్క మాటా వెలుగులో పెట్టి? నీకు బరువు కాకూడదని అవతలికి పోయాను."

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈ ఇంట్లో రెండు నోళ్ళూ మంచివే. ఒకటి ఏం లేదంది, ఇంకొకటి చూద్దాంలే అంది. ఆ రెండు మాటల మధ్యనే కాపురమంతా గడిచిపోయింది. ఆమెకి అడగాలని ఉంది, అడగాలంటే భయంగానూ ఉంది. కొన్ని మాటలు అడక్కుండా ఉంటేనే నయం, ఎవరినో ఒకరిని కోప్పడే వీలైనా మిగులుతుంది. అయినా వెలుగు ఇంకాసేపట్లో పోతుంది. మొహం ఎత్తి, ఒక్కొక్క మాటే అడిగింది.

"మా అమ్మని మన దగ్గరికి తెచ్చుకుందామని అడిగాను. చూద్దాంలే అన్నారు. గుర్తుందా?"

ఆయన అర్థమైనట్టే చూశాడు. అర్థమైంది కాబట్టే ఆయన మొహంలో రంగు పోయింది.

"ఎప్పుడడిగావు?"

"మీరు షెడ్డుకెళ్తున్నారు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నారు. నేను మిషను దగ్గర..."

"సూదులున్నాయా నోట్లో?"

ఆమె తల ఊపింది.

ఆయన లేచి, కిటికీ పక్కన గోడవారగా ఉన్న ఖాళీ స్థలం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడ ఇప్పుడు కుట్టాల్సిన బట్టల మూటలుంటాయి. వాటిని కాలితో కాస్త పక్కకి జరిపి, చెయ్యి చాచి అటునుంచి ఇటు కొలిచాడు. "ఇక్కడ మంచం పట్టేదే" అన్నాడు. తర్వాత గోడకి చెయ్యి ఆనించి, షెడ్డు మూతపడ్డ రోజున కూడా ఏడవని మనిషి, భుజాలు కదిలేలా ఏడ్చాడు. ఆమె వెనకగా వెళ్ళి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఓదార్చడానికి మాటలు చెప్పాలన్నా ఆయన గోడవైపు తిరిగి ఉన్నాడు. తప్పు ఆయనది కాదు, తనదీ కాదు. ఆ సంగతి ఇప్పుడు తెలిసినంత మాత్రాన అమ్మకి ఒరిగేదేమీ లేదు. ఇన్నేళ్ళూ ఆయన మీద కోపమైనా తోడుండేది, ఇవాళ్టితో అదీ పోయింది. గదిలో వెలుగు తగ్గిపోయేదాకా వాళ్ళిద్దరూ ఆ మూటల పక్కనే నిలబడి ఉన్నారు.

మళ్ళీ ఆదివారం కూతురు వచ్చింది, మర బిగించడానికి రోజు ఖాయం చేసుకుందామని.

"నాకు ఇదే చాలే" అంది తల్లి. నోట్లో పన్నుంది, పెదవుల మధ్య గుండుసూదులు లేవు. ఈమధ్య సూదుల్ని మణికట్టుకి కట్టుకున్న చిన్న దిండుకి గుచ్చుకుంటోంది. పక్కనే బల్ల అంచుకి దారంతో కట్టిన కత్తెర వేలాడుతోంది.

"తీసి పెట్టుకునేదా? ఊరందరిదీ ఒక దారైతే నీదొక దారి. కట్టేసిన పన్నుంటే హాయిగా ఉంటుంది కదమ్మా, రోజూ తీసి పెట్టుకునే బాధ ఏంటి?"

"తియ్యడానికి వీలుండాలే నాకు."

"ఎందుకు?"

"మీ నాన్నతో మాట్లాడుకోవాలి."

కూతురికి అర్థం కాలేదు. విడమర్చి చెబితే అమ్మమ్మ సంగతీ చెప్పాల్సి వస్తుంది. అది ఎవరికీ చెప్పుకునేది కాదు. కూతురు వెళ్ళేటప్పుడు గుమ్మంలో తండ్రి చెయ్యి పట్టుకుని, "నాన్నా, నువ్వైనా చెప్పు అమ్మకి" అంది గబగబా. ఆయన కూతురి మొహంలోకి చూసి, చూద్దాంలే అనబోయి ఆగాడు. ఆగి, కొంచెం సిగ్గుపడుతూ, "ఏమన్నావమ్మా? మెల్లగా చెప్పు" అన్నాడు. కూతురు ఉలిక్కిపడి తల్లివైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక తండ్రి నోట ఆ మాట వినడం ఆ పిల్లకదే మొదలు.

కూతురు వెళ్ళాక టైలరమ్మ వీధి తలుపు దగ్గరికేసి, పన్ను తీసి, నీళ్ళ గిన్నెలో వేసి, తన కుర్చీలో కూర్చుంది. ఆయన ఎదురుగా కూర్చున్నాడు. ఆమె తల్లి గురించి చెప్పడం మొదలుపెట్టింది. అమ్మకి వెలుగంటే ఇష్టమని, ఆ కిటికీ దగ్గర కూర్చోబెడితే తనే బొత్తాలు కుట్టిపెట్టేదని, అన్నయ్య ఇంటి మూలలో ఉండీ ఉండీ చివరికి కళ్ళు మూసుకునే మాట్లాడేదని. ఎన్నడూ ఎవరికీ చెప్పనివి. ఆయన మధ్యమధ్య "ఏమన్నావు?" అంటూనే ఉన్నాడు. ఆమె ఏం లేదులే అనకుండా, అన్నదే మళ్ళీ మళ్ళీ అంటూనే ఉంది. ఒకే బాధని రెండేసిసార్లు చెప్పడం తేలికేమీ కాదు.

కిటికీలో ఎండ జారిపోయి, ఆమె మొహం నీడలోకి వెళ్ళింది. చీకటి పడితే మాటలు బందు, అది ఆ ఇంటి పద్ధతి. ఆమె అలవాటు చొప్పున ఆపేసి, వంటింట్లోకి వెళ్ళడానికి లేవబోయింది.

"కూర్చో" అన్నాడాయన. తనే లేచి, గోడదాకా తడుముకుంటూ వెళ్ళి, దీపం వేశాడు. వచ్చి తన కుర్చీని ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, ఆమె నోటివంక చూస్తూ కూర్చున్నాడు.

"ఊఁ, చెప్పు" అన్నాడు.